పుట్టిన వారమే చిరునామా

ఊ థాంట్ అనే పేరు వింటే చాలు, ఆయన శుక్రవారం పుట్టి ఉంటాడని బర్మావాళ్ళు ఊహించేస్తారు. 1961 నుంచి 1971 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న ఆయన పుట్టింది 1909 జనవరి 22న, అది శుక్రవారమే. స్వతంత్ర బర్మా తొలి ప్రధాని ఊ ను పుట్టింది 1907 మే 25న, శనివారం. 'న' శనివారపు అక్షరం. ముందున్న 'ఊ' పేరులో భాగం కాదు, మనం చివర చేర్చే 'గారు' లాంటిది. ఇంటిపేర్లు లేని దేశంలో పేరు మొదటి అక్షరం వంశాన్ని చెప్పదు, పుట్టిన వారాన్ని చెబుతుంది.

అలాగని ఇది రాజశాసనమేమీ కాదు. బర్మా జాతిపిత ఆంగ్ సాన్ 1915 ఫిబ్రవరి 13న, శనివారం పుట్టాడు. ఇంట్లో పెట్టిన పేరు ఠెయిన్ లిన్. అందులో మొదటి అక్షరం తవర్గుది, శనివారానికి సరిపోయింది. తర్వాత చదువుకునే రోజుల్లో అన్న ఆంగ్ థాన్ పేరుకు ప్రాస కుదరాలని ఆంగ్ సాన్ అని మార్చుకున్నాడు. 'అ' ఆదివారపు అక్షరం. వారానికీ పేరుకూ పొత్తు తప్పింది, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆయన కూతురు ఆంగ్ సాన్ సూ చీ పేరులో మొదటి రెండు మాటలు నాన్నవి, 'సూ' నాయనమ్మది, 'చీ' అమ్మది. ఆమె 1945 జూన్ 19న, మంగళవారం పుట్టింది. ఆ 'సూ' రాతలో 'చు', మంగళవారపు అక్షరం.

బర్మా జ్యోతిషం మన పత్రికల్లోకి ఎప్పుడొచ్చినా ఒకే కథగా వస్తుంది: ఒక నియంత, తొమ్మిది అంకె మీద పిచ్చి, దానికోసం అచ్చేసిన వింత నోట్లు. ఆ కథలో చాలా భాగం నిజమే. కాని అదొక్కటే చెప్పి ఊరుకోవడం అన్యాయం అని నా వాదన. అక్కడి మామూలు మనిషికి ఈ శాస్త్రం జోస్యం కంటే ముందు ఒక చిరునామా. గుడిలో ఎక్కడ నిలబడాలో, ఎన్ని గిన్నెల నీళ్ళు పోయాలో, బిడ్డకు ఏ అక్షరంతో పేరు పెట్టాలో చెబుతుంది. దానికయ్యే ఖర్చు చేసేవాడే పెట్టుకుంటాడు, అదీ కొద్దిగానే. పాలకుడు తన దోషానికి పరిహారం చేయించి, ఖర్చు ఊరి మీద వేసినప్పుడు అది వేరే సంగతి. ఈ రెంటినీ కలిపి చూస్తే ఏదీ అర్థం కాదు.

ముందు చిరునామా సంగతి. బర్మాలో వారానికి రోజులు ఏడే, జన్మవారాలు మాత్రం ఎనిమిది. బుధవారాన్ని మధ్యాహ్నం దగ్గర రెండుగా విడగొట్టి, పూర్వభాగం బుధుడికి, ఉత్తరభాగం రాహువుకు ఇచ్చారు. ఈ ఎనిమిదింటికీ తలా ఒక దిక్కు, ఒక గ్రహం, ఒక జంతువు, కొన్ని అక్షరాలు. ఈశాన్యం నుంచి ప్రదక్షిణంగా చెప్పుకుంటూ వెళితే: ఆదివారం ఈశాన్యం, సూర్యుడు, గరుడుడు, అచ్చులు. సోమవారం తూర్పు, చంద్రుడు, పులి, కవర్గు. మంగళవారం ఆగ్నేయం, కుజుడు, సింహం, చవర్గు. బుధవారం పొద్దున దక్షిణం, బుధుడు, దంతాలున్న ఏనుగు, ల వ అక్షరాలు. శనివారం నైరుతి, శని, నాగం, తవర్గు. గురువారం పడమర, గురుడు, ఎలుక, పవర్గు. బుధవారం సాయంత్రం వాయవ్యం, రాహువు, దంతాలు లేని ఏనుగు, య ర అక్షరాలు. శుక్రవారం ఉత్తరం, శుక్రుడు, గినీ పిగ్, స హ అక్షరాలు. కేతువు నడిమధ్యన ఉంటాడు, ఆయనకు వారం లేదు.

ఇది చదువుతుంటే వాస్తు తెలిసిన తెలుగువాళ్ళకు ఏదో గుర్తు రావాలి. ఒక ఊళ్ళో ఇల్లు కట్టుకోబోయేముందు పేరుకు ఆ ఊరు కలిసొస్తుందా లేదా అని చూసే అష్టవర్గులు మన పంచాంగాల్లో ఇప్పటికీ అచ్చవుతున్నాయి. అవర్గు గరుడం, తూర్పు. కవర్గు పిల్లి, ఆగ్నేయం. చవర్గు సింహం, దక్షిణం. టవర్గు కుక్క, నైరుతి. తవర్గు పాము, పడమర. పవర్గు ఎలుక, వాయవ్యం. యవర్గు ఏనుగు, ఉత్తరం. శవర్గు ఈశాన్యం, దానికి కొందరు కుందేలంటారు, కొందరు మేషమంటారు. ఇప్పుడీ చక్రాన్ని ఒక్క దిక్కు వెనక్కి తిప్పి చూడండి. గరుడుడు ఈశాన్యానికి వస్తాడు, పిల్లి తూర్పుకు వస్తుంది (అక్కడ అదే జాతి పులి), సింహం ఆగ్నేయానికి, పాము నైరుతికి, ఎలుక పడమరకు, ఏనుగు వాయవ్యానికి, కుందేలు ఉత్తరానికి. బర్మా చక్రమే వచ్చింది. కుక్క దగ్గర ఒక్కచోటే తేడా.

ఆ తేడా ఎందుకొచ్చిందో అక్షరమాలే చెబుతుందని నా నమ్మకం. బర్మీస్ మాటల్లో ట, డ లకు త, ద ల నుంచి వేరే ఉచ్చారణ లేదు. పాళీ మాటలు రాయడానికి ఆ అక్షరాలున్నా నోట్లో రెండు వర్గులూ ఒకటే. టవర్గు పోయి తవర్గులో కలిసిపోతే ఎనిమిదింటిలో ఒక గది ఖాళీ. దాన్ని నింపడానికి య ర ల వ లను సగానికి చీల్చి, ల వ లను దక్షిణానికి పంపారు. యవర్గు జంతువు ఏనుగు కాబట్టి ఒక ఏనుగు రెండయింది, ఒకటి దంతాలతో, ఒకటి దంతాలు లేకుండా. ఇదంతా ఏ శాసనంలోనూ దొరికిన మాట కాదు, రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి నేను చేసిన లెక్క. అయినా ఇంత చక్కగా అతికే లెక్కను కాకతాళీయం అని తోసిపుచ్చడానికి నాకు మనసొప్పదు. శత్రుత్వాలు కూడా చెక్కుచెదరలేదు. తన వర్గుకు ఐదోది శత్రువు అన్నది మన సూత్రం: గరుడుడికి పాము, పిల్లికి ఎలుక, సింహానికి ఏనుగు. బర్మా చక్రంలో గరుడుడికి సరిగ్గా ఎదురుగా నాగం, పులికి ఎదురుగా ఎలుక, సింహానికి ఎదురుగా దంతాలు లేని ఏనుగు.

అక్షరాల విషయంలో తెలుగువాళ్ళు తరచూ పడే పొరపాటు ఒకటుంది. ఇంగ్లీషులో రాసిన బర్మా పేర్లను చూసి వారం కట్టకూడదు. వాళ్ళు రాసే 'చ' నోట్లో 'స' అవుతుంది. రాసే 'స' నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే 'థ' అవుతుంది. అందుకే సూ చీ లోని 'సూ' మంగళవారం, థాంట్ లోని 'థ' శుక్రవారం. కొత్త సంవత్సరం పండుగ థింజాన్ మన 'సంక్రాంతి'లోని 'సం'తోనే మొదలవుతుంది. రాసే 'ర' నోట్లో 'య'. రంగూన్, యాంగోన్ రెండు పేర్లు కావు, ఒకే పేరు. ఉత్తరాంధ్రలో ఒకప్పుడు 'రంగం వెళ్ళాడు' అన్నా ఆ ఊరే. య, ర రెండూ రాహువు గూట్లోనే ఉన్నాయి కాబట్టి ఎలా పలికినా వారం మాత్రం మారదు.

దిక్కుల వరసలో ఇంకో రహస్యం కూడా ఉంది. ఈశాన్యం నుంచి తిరిగితే గ్రహాలు సూర్య, చంద్ర, కుజ, బుధ, శని, గురు, రాహు, శుక్ర వరసలో వస్తాయి. ఇది వారాల వరస కాదు. జాతకం చూసేవాళ్ళు వెంటనే పట్టేస్తారు: ఇది అష్టోత్తరీ దశల వరస. సూర్యుడికి 6 ఏళ్ళు, చంద్రుడికి 15, కుజుడికి 8, బుధుడికి 17, శనికి 10, గురుడికి 19, రాహువుకు 12, శుక్రుడికి 21, మొత్తం 108. మన దగ్గర వాడుకలో ఉన్నది వింశోత్తరి, 120 ఏళ్ళది, కేతువుకు కూడా దశ ఉన్నది. అష్టోత్తరిలో కేతువుకు దశ లేదు. బర్మా చక్రంలోనూ ఆయనకు దిక్కు లేదు, మధ్యన కూర్చున్నాడు. బుధవారాన్ని ఎందుకు చీల్చారో ఇప్పుడు తెలుస్తుంది. ఎనిమిది దిక్కులకు ఎనిమిది గ్రహాలు కావాలి, రాహువు తప్పదు, ఆయనకంటూ ఒక వారం లేదు. థాయిలాండ్‌లోనూ బుధవారంలోంచే రాహువుకు వాటా ఇచ్చారు, అయితే అక్కడ గీత మధ్యాహ్నం దగ్గర కాదు, సాయంత్రం ఆరు దగ్గర. రెండు దేశాల పుస్తకాలూ కలిపి చదివేవాళ్ళు తప్పులు చేసేది ఇక్కడే.

ఇక జాతకం లెక్క. దీన్ని మహాబోట్ అంటారు. లగ్నం అక్కర్లేదు, నక్షత్రం అక్కర్లేదు, పుట్టిన ఊరి అక్షాంశం అక్కర్లేదు. బర్మా శకంలో పుట్టిన సంవత్సరం, పుట్టిన వారం తెలిస్తే చాలు. బర్మా శకం మొదలైంది క్రీ.శ. 638లో, కాబట్టి ఇంగ్లీషు సంవత్సరంలోంచి 638 తీసేయాలి. వచ్చినదాన్ని 7తో భాగిస్తే మిగిలే శేషాన్ని బట్టి గ్రహాలను ఏడు గళ్ళలో పేరుస్తారు. మీ వారానికి సంబంధించిన గ్రహం ఏ గడిలో పడితే అది మీ జన్మగృహం. గళ్ళ పేర్లు బింగ, అథూన్, యాజ, అధిపతి, మరణ, థైక్, పుతి. భంగం, రాజు, అధిపతి, మరణం, పూతి మనకు విడిగా అర్థం చెప్పాల్సిన మాటలు కావు.

లెక్క చూడ్డానికి చిన్నది, తప్పు మాత్రం ఒకే చోట పదేపదే జరుగుతుంది. బర్మా సంవత్సరం జనవరి 1న మారదు, ఏప్రిల్ మధ్యలో థింజాన్ అయ్యాక మారుతుంది. 1988 ఆగస్టులో పుట్టినవాళ్ళకు 1988లోంచి 638 తీసేస్తే 1350, 7తో భాగిస్తే శేషం 6. అదే 1988 మార్చిలో పుట్టినవాళ్ళకు 639 తీసేయాలి. 1349, శేషం 5. జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలోపు పుట్టినవాళ్ళు ఈ ఒక్కటి మర్చిపోతే గళ్ళన్నీ మారిపోయి ఇంకొకరి జాతకం చదువుకుంటారు. ఏప్రిల్ 13, 17 మధ్య పుట్టినవాళ్ళు ఆ ఏటి థింజాన్ ఘడియలు చూడకుండా లెక్క కట్టనే కూడదు. ఇంకో అపార్థం 'మరణ' గడి గురించి. ఆ పేరు చూసి కొత్తవాళ్ళు హడలిపోతారు. అది చావు సూచన కాదు, ఒడిదుడుకులు, అనారోగ్యం ఉండొచ్చని చెప్పే గడి. జనాభాలో ఏడో వంతు అక్కడే పడతారు మరి.

పండితుల పద్ధతి ఇంతకంటే లోతుగా ఉంటుంది. తాటాకు మీద గంటంతో గీసే జాతకాన్ని 'జాతా' అంటారు, జ్యోతిషాన్ని 'బేదిన్' అంటారు, ఆ మాట 'వేదం' నుంచి వచ్చింది. రాజుల కాలంలో ఆస్థానంలో ఈ పని 'పొన్నా'లది, అంటే బ్రాహ్మణులది. మణిపూర్, అరకాన్ వైపు నుంచి వచ్చి అమరపుర, మాండలేలలో స్థిరపడినవాళ్ళు. మిండాన్ రాజు 1857లో మాండలే నగరానికి పునాది వేసినప్పుడు ముహూర్తాలు చూసే కొలువు వాళ్ళదే. కాని ఇవాళ టీకొట్టు దగ్గర కూర్చున్న మనిషి జీవితంలో ఉన్నది తాటాకు కాదు, గోడ మీది క్యాలెండర్.

ఆ క్యాలెండర్ మన గంటల పంచాంగానికి తోబుట్టువు. ఒక్కో నెలలో ఫలానా వారాలు 'యెత్‌యాజా', అంటే మంచి రోజులు, ఫలానా వారాలు 'ప్యథదా', చెడ్డ రోజులు. మనకు తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకుంటే తప్ప రోజు తేలదు. వాళ్ళకు నెల, వారం తెలిస్తే తేలిపోతుంది. దుకాణం తెరవడం, ఇంట్లో చేరడం, ప్రయాణం కట్టడం ప్యథదా నాడు పెట్టుకోరు. నాగం తల మూడేసి నెలలకొక దిక్కుకు తిరుగుతుంది, దాని నోటికి ఎదురుగా ప్రయాణం కూడదంటారు. మనకు వారశూల ఉన్నట్టే. సోమవారం, శుక్రవారం, తను పుట్టిన వారం జుట్టు కత్తిరించుకోకూడదని నమ్మేవాళ్ళు చాలామంది. మన మంగలిషాపులు మంగళవారం మూసి ఉండటం ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేం లేదు. వర్షావాసం మూడు నెలలూ, అంటే వాజో పున్నమి నుంచి థాదింజుత్ పున్నమి దాకా, పెళ్ళిళ్ళు చేయరు.

అధికమాసం దగ్గర మనకూ వాళ్ళకూ దారి చీలుతుంది. మనకు సంక్రమణం లేని చాంద్రమాసం అధికమాసమవుతుంది, అది ఏ నెలకైనా రావచ్చు. వాళ్ళకు 19 ఏళ్ళలో 7 సార్లు, ఎప్పుడూ వాజో నెలకే వస్తుంది. 2023లో మనం అధిక శ్రావణం చేసుకుంటుంటే వాళ్ళు రెండో వాజో చేసుకున్నారు. తెలుగు పంచాంగం పట్టుకుని బర్మా పండుగ తేదీలు అంచనా వేయబోతే నెల తేడా వచ్చేది ఇందుకే.

థింజాన్ దగ్గర మళ్ళీ కలుస్తాం. ఆ నాలుగు రోజులకు ముందు 'థింజాన్ సా' అనే ప్రకటన వస్తుంది. తజామిన్, అంటే శక్రుడు, ఏ ఘడియకు భూమికి దిగుతాడు, ఏ వాహనం మీద, చేతిలో ఏం పట్టుకుని వస్తాడు, ఎప్పుడు తిరిగి వెళతాడు అన్నీ అందులో ఉంటాయి. చేతిలో నీళ్ళకుండ ఉంటే వానలు, ఆయుధం ఉంటే గొడవలు అని చదువుకుంటారు. మన పంచాంగంలో సంక్రాంతి పురుషుడి వాహనం, వస్త్రం, ఆయుధం చెప్పి ఏడాది ఫలం చెప్పే పేజీని ఎవరైనా చదివి ఉంటే, తజామిన్‌ను చూడగానే పోల్చుకుంటారు.

ఇప్పుడు వివాదం ఉన్న చోటికి వద్దాం. పరిహారాన్ని వాళ్ళు 'యదయా' అంటారు. సాదా యదయా చాలా నిరపాయమైనది. తన మూలకు వెళ్ళి గ్రహసంఖ్య ప్రకారం దీపాలు వెలిగించడం, చేపలనో పిట్టలనో వదిలేయడం, 'కోనవిన్' పట్టడం. కోనవిన్ అంటే బుద్ధుడి తొమ్మిది గుణాలను మాలతో జపించడం. తొమ్మిది రోజులొక మెట్టు, మొత్తం తొమ్మిది మెట్లు, 81 రోజులు. మధ్యలో ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటినుంచి. డబ్బు ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఖర్చయ్యేది ఓపిక. పిల్లవాడి పరీక్ష కోసమో, ఇంటాయన ఆరోగ్యం కోసమో 81 రోజులు తెల్లవారుజామున లేచే ఇల్లాలిని చూసి అజ్ఞానం అనడానికి నాకు నోరు రాదు. ఆమె ఎవరి జేబులోనూ చేయి పెట్టడం లేదు.

యదయాలో ఇంకో రకం మాటల మీద, అక్షరాల మీద నడుస్తుంది. శబ్దం కలిస్తే ఫలం కలుస్తుందని సూత్రం. 2005 డిసెంబర్‌లో సైనిక ప్రభుత్వం దేశమంతా అడవి ఆముదం, అదే జట్రోఫా, నాటించే ఉద్యమం పెట్టింది. ఒక్కో రాష్ట్రానికి, డివిజన్‌కు 5 లక్షల ఎకరాల లెక్క. డీజిల్ కోసం అని పైకి చెప్పారు. జనం మాత్రం మొక్క పేరు విని వేరే అర్థం తీశారు. బర్మీస్‌లో దాని పేరు 'చెత్-సూ': మొదటిది సోమవారపు అక్షరం, రెండోది మంగళవారపు అక్షరం. 'సూ చీ' దీనికి తలకిందులు, మంగళవారం తర్వాత సోమవారం. సైనిక పాలనను ఎదిరించిన సూ చీ బలాన్ని తిప్పికొట్టే యదయా అని ఊరూరా చెప్పుకున్నారు. అది నిజంగా పాలకుల మనసులోని మాటేనా అన్నది తేల్చలేం. తేలినది పొలంలో ఏం జరిగిందన్నది. మొక్కలు బలవంతంగా కొనిపించారు, ఇంటి చుట్టూ, రోడ్డు పక్కన, పంటపొలంలో నాటించారు. నీళ్ళు లేని నేలలో మొక్క బతుకుతుంది గాని గింజ సరిగ్గా కట్టదు. కట్టినచోట కొనేవాడు లేడు, ఆడించే మిల్లు లేదు. గింజలు విషం, పిల్లలు తిని ఆస్పత్రుల పాలయ్యారు. అదే కాలంలో మన దేశంలోనూ జట్రోఫా ఊపు వచ్చి, అదే కారణాలకు చల్లారింది. మనకు యదయా లేదు, అయినా విఫలమైంది. అక్కడి రైతుకు జరిగిన అన్యాయం నాటమని చెప్పడంలో లేదు, నాటనని చెప్పే వీలు లేకపోవడంలో ఉంది.

నోట్ల కథ ఇంతకంటే బలమైన సాక్ష్యం. 1985లో సైనిక నియంత నె విన్ ప్రభుత్వం 20, 50, 100 చాట్ నోట్లు రద్దు చేసి 75 నోటు తెచ్చింది, ఆయన 75వ పుట్టినరోజుకు గుర్తు అన్నారు. తర్వాత 15, 35 వచ్చాయి. 1987 సెప్టెంబర్ 5న 25, 35, 75 నోట్లను పరిహారం లేకుండా రద్దు చేశారు. చెలామణిలో ఉన్న డబ్బులో సగానికి పైగా ఆ ఒక్కరోజుతో చిత్తుకాగితమైంది. బదులుగా వచ్చినవి 45, 90. రెండూ తొమ్మిదితో భాగమవుతాయి, అంకెలు కూడితే తొమ్మిదే, తొమ్మిది నె విన్‌కు అచ్చొచ్చిన సంఖ్య. కూరగాయల బండి దగ్గర నిలబడి ఊహించండి: 130 చాట్ల సరుకుకు 90 నోట్లు రెండిస్తే తిరిగి రావాల్సింది 50, దానికి ఒక 45, ఒక 5 వెతకాలి. ప్రతి బేరం ఒక ఎక్కం. 1987 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడు 1988 ఆగస్టు 8న, 8-8-88 అని జనమే అంకె చూసుకుని, వీధుల్లోకి వచ్చారు.

ఇదంతా జ్యోతిషం చేసిన అనర్థం అని తేల్చేసేవాళ్ళను ఒక్క సంవత్సరం గుర్తు చేసుకోమంటాను: 1964. ఆ ఏడు మే నెలలో ఇదే నె విన్ 50, 100 చాట్ నోట్లు రద్దు చేశాడు. అందులో తొమ్మిది లేదు, పుట్టినరోజు లేదు. భారతీయ, చైనా వ్యాపారుల చేతిలో ఉన్న డబ్బు మీద వేసిన దెబ్బ అది. దుకాణాలు జాతీయమయ్యాయి, చేతిలోని నోటు చెల్లలేదు. ఆ ఏళ్ళలోనే తెలుగువాళ్ళు వేలమంది ఓడలెక్కి కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలింది. 1964లో ఒకసారి, 1985లో ఒకసారి, 1987లో ఒకసారి, మూడుసార్లూ ఉద్దేశం ఒకటే: జనం దాచుకున్నది తుడిచిపెట్టడం. జ్యోతిషం ఎంచింది మూడోసారి కొత్త నోటు మీద వేసే అంకెను మాత్రమే. రద్దు చేయాలన్న నిర్ణయం గ్రహాలది కాదు. నెపం తొమ్మిది మీదికి తోసేస్తే అసలు తప్పు చేసినవాళ్ళు తప్పించుకుంటారు, అందుకే ఈ కథ అలా చెప్పడం నాకు నచ్చదు.

1970 డిసెంబర్ 6న ఎడమ నుంచి కుడి వైపుకు మారిన ట్రాఫిక్ గురించీ ఇలాగే చెప్పుకుంటారు, జ్యోతిష్కుడి సలహా అని. కారణం ఏదైనా ఫలితం కళ్ళెదుట కనిపించేదే. బండ్లు కుడివైపున నడవాలి, జపాన్ నుంచి దిగిన పాత కార్లకు స్టీరింగ్ కుడివైపునే ఉండేది. ముందున్న బండిని దాటేటప్పుడు డ్రైవరుకు ఎదురొచ్చేది కనిపించేది కాదు. పాత బస్సుల తలుపు ఎడమవైపు ఉండేది కాబట్టి ప్రయాణికులు నడిరోడ్డు మీద దిగాల్సి వచ్చేది. దశాబ్దాల తరబడి ఈ అవస్థ పడింది బస్సెక్కేవాళ్ళు.

పాలకులు ముహూర్తం చూసుకున్న ప్రతిసారీ జనానికి నష్టమే అని కూడా అనలేను. 1948 జనవరి 4న తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు బర్మా స్వతంత్రం ప్రకటించుకుంది, ఆ ఘడియ జ్యోతిష్కులు పెట్టిందే. దానివల్ల ఎవరి జేబూ ఖాళీ కాలేదు, ఒక రాత్రి నిద్ర మాత్రం పోయింది. 2005 నవంబర్ 6న పొద్దున 6 గంటల 37 నిమిషాలకు ప్రభుత్వోద్యోగులను లారీల్లో ఎక్కించి కొత్త రాజధాని నేపిడాకు తరలించడం వేరు. ఘడియ మంచిదే కావచ్చు, అక్కడ వాళ్ళకు సరైన ఇళ్ళు లేవు, పిల్లలకు బళ్ళు లేవు, కుటుంబాలు రంగూన్‌లో ఉండిపోయాయి. ముహూర్తం పెట్టించుకున్నవాడూ దాని బరువు మోసినవాడూ ఒకరేనా అన్నది నేను ప్రతిచోటా అడిగే ప్రశ్న.

జోస్యం చెప్పేవాళ్ళు జనంలోంచే వచ్చి కీడు చేయడం కూడా ఉంది, అది దాచను. 2025 మార్చి 28న మాండలే, సగైంగ్‌లను కూల్చేసిన భూకంపం తర్వాత, ఏప్రిల్ 21న దేశమంతా మళ్ళీ కంపిస్తుందని టిక్‌టాక్‌లో ఒక జ్యోతిష్కుడు చెప్పాడు. ఆ వీడియోను లక్షలమంది చూశారు, ఆ రోజు ఎందరో ఇళ్ళు వదిలి బయట గడిపారు. భూకంపం రాలేదు. మర్నాడు పోలీసులు అతన్ని పట్టుకెళ్ళారు. అప్పటికే ఇల్లు కూలి, ఆత్మీయులు పోయి వణికిపోతున్న మనుషులకు తేదీ పెట్టి మరో భయం అంటగట్టడం క్షమించరానిది. మహాబోట్‌లో గాని, వారాల చక్రంలో గాని ఏ ఊరు ఎప్పుడు కంపిస్తుందో చెప్పే లెక్క ఏదీ లేదు. ఆ శాస్త్రం ఎరిగినవాడెవడూ అలాంటి తేదీ పెట్టడు.

ఈ శాస్త్రం తన అసలు రూపంలో కనిపించేది రంగూన్‌లోని ష్వెడగోన్ పగోడా చుట్టూ ఉన్న గ్రహస్తంభాల దగ్గర. వెళ్ళేవాళ్ళకు పనికొచ్చేలా చెబుతాను. చెప్పులు, సాక్సులు కింద మెట్ల దగ్గరే విప్పేయాలి. మధ్యాహ్నం పాలరాయి కాలిపోతుంది, పొద్దున్నే గాని సాయంత్రం గాని వెళ్ళండి. దక్షిణం మెట్ల నుంచి పైకి వస్తే ఎదురుగా బుధవారం పొద్దుటివాళ్ళ చోటు. అక్కణ్ణుంచి ఎడమకు తిరిగి, స్తూపం కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణంగా నడిస్తే శనివారం, గురువారం, బుధవారం సాయంత్రం, శుక్రవారం, ఆదివారం, సోమవారం, మంగళవారం ఆ వరసలో వస్తాయి. ప్రతిచోటా చిన్న బుద్ధవిగ్రహం, నీళ్ళతొట్టి, గిన్నె, కింద ఆ వారం జంతువు బొమ్మ. పువ్వులు పెట్టి, దీపం వెలిగించి, మీ వయసుకు ఒకటి కలిపి అన్ని గిన్నెలు పోయాలి. ముప్పై నాలుగేళ్ళుంటే ముప్పై అయిదు. ఆ ఒకటి రాబోయే ఏడాదికి. గిన్నె చిన్నది, నిండా ముంచకుండా సగం సగం ముంచితే చేయి నొప్పెట్టదు, వెనక నిలబడ్డవాళ్ళకు ఆలస్యం కాదు. విగ్రహానికి పోశాక చాలామంది కింది జంతువుకూ పోస్తారు. ఆ స్తంభం దగ్గర డబ్బు అడిగేవాడు ఉండడు, మంత్రం చెప్పేవాడు ఉండడు, మీ కులం ఏమిటనే మాటే రాదు. పక్కన కూలివాడు, ఆఫీసరు, బడిపిల్ల ఒకే వారం పుట్టినందుకు ఒకే గిన్నె కోసం వరసలో నిలబడతారు.

పుట్టిన తేదీ తెలిస్తే వారం ఫోన్‌లోనే దొరుకుతుంది. చిక్కు బుధవారం పుట్టినవాళ్ళకే. వాళ్ళ రెండు చోట్లకూ మధ్య స్తూపం చుట్టుకొలతలో ఎనిమిదింట మూడు వంతుల నడక ఉంటుంది, పైగా సర్టిఫికెట్‌లో గంట ఉండదు. బయల్దేరే ముందే ఇంటికి ఫోన్ చేసి అమ్మను అడిగి పెట్టుకోండి, నేను పుట్టింది మధ్యాహ్నం భోజనాలకు ముందా, తర్వాతా అని.